కల్లంలో క్రిస్మస్ చీరలు

తొమ్మిదో భాగం

పోయిన వారం మిమ్మల్ని మిరపకల్లం గట్టు మీద నిలబెట్టి వెళ్లిపోయాను. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను లెండి. ఒక చేత్తో ఐదడుగుల కాన్వాసు, ఇంకో చేత్తో రంగుల డబ్బా పట్టుకుని, నోరు తెరుచుకుని! పన్నెండు రోజులుగా నేను బొమ్మ వేస్తున్న పందిరి అక్కడ లేదు. నిన్న సాయంత్రం ఐదింటికి ఉంది. ఇవాళ పొద్దున పదింటికి లేదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు ఫెబా. మాది అద్దంకికి ఆరు కిలోమీటర్లు. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేస్తూ, బొమ్మల పిచ్చి ముదిరి ఉద్యోగం మానేసినదాన్ని. విజయవాడలో ఒక గ్యాలరీవాళ్లు కొత్త చిత్రకారులు ఆరుగురికి ఆరు గోడలు ఇస్తామన్నారు. గోడకు మూడు బొమ్మలు. ఆరో గోడ నాది. నా మొదటి బొమ్మ బస్టాండులో టీ గ్లాసులు పెట్టుకుని తిరిగే తీగబుట్ట. రెండోది కల్లం గట్టున వరసగా విడిచిన పన్నెండు జతల చెప్పులు. ఆ రెండూ విజయవాడ చేరిపోయాయి. మూడోది ఈ పందిరి. దీనికోసం ఇవాళ రెండింటికి వ్యాను వస్తుంది, సాయంత్రం ఆరింటికి గ్యాలరీ కమిటీ గోడలన్నీ చూస్తుంది. మూడోది గోడ మీద లేకపోతే నా గోడ వెయిటింగులో ఉన్న ఇంకొకాయనకు పోతుంది. అంతే కథ.

'బొమ్మలేసే పిల్ల చెప్పులు గీస్తందంట' అని ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి. పెద్దపెద్ద విషయాలు నాకు చేతకావు. రాజులూ రాణులూ నా దారిలో ఎప్పుడూ ఎదురుపడలేదు. నడుస్తుంటే ఏది కంటికి తగిలితే అది గీస్తాను. ఒక్కటే మొండిపట్టు నాది. దాన్ని కదపను, సర్దను, దుమ్ము కూడా తుడవను. ఎలా దొరికితే అలాగే.

ఇక ఆ పందిరి సంగతి. మా పెద్దమ్మ కొండమ్మ మిరపకాయల తొడిమలు తీసే ముఠాకు మేస్త్రి. ముఠాలో పన్నెండు మంది ఆడవాళ్లు. ఏ రైతు కల్లంలో పని ఉంటే అక్కడికి నాలుగు సరుగుడు కర్రలూ ఆ పందిరి గుడ్డా మోసుకెళ్లి పాతుకుంటారు. కొత్తగా చేరే మనిషి మొదటిరోజు కాయ ముట్టుకోకముందే, ఇంటి నుంచి ఒక పాత చీర ముక్క తెచ్చి తన చేత్తో ఆ పందిరికి కుట్టాలి. కుట్టాకే నీడలో చోటు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, అలా కుట్టగా కుట్టగా అది ఇరవై ఒక్క ముక్కల పందిరి అయింది. పదకొండు గంటల ఎండ పైన పడిందంటే చాలు, కింద కూర్చున్న వాళ్ల వీపుల మీదా ఎర్రటి కాయల రాశి మీదా రంగులు తైతక్కలాడతాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ పన్నెండు రోజుల కిందట పెద్దమ్మకు అన్నం క్యారేజీ ఇద్దామని వచ్చి, తలెత్తి చూసి, క్యారేజీ అక్కడే పడేసి కాన్వాసు కోసం ఇంటికి పరిగెత్తాను.

అలాంటి పందిరి లేదు. దాని చోట్లో ఏముందో చెప్తే నమ్మరు. షామియానా! ఎర్రటి కుచ్చులూ పసుప్పచ్చ అంచులూ ఉన్న పెళ్లిళ్ల షామియానా. దాని కింద పన్నెండు మంది ఆడవాళ్లు క్రిస్మస్‌కు కొన్న కొత్త చీరలు కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని, మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. జరీ అంచుల మీద కారం దుమ్ము పడుతోంది. వెంకటేశ్వరమ్మకు క్రిస్మస్ లేదు కాబట్టి కూతురి పెళ్లినాటి పట్టుచీర తీసినట్టుంది. ఆమె తుమ్మినప్పుడల్లా మెడలోని రోల్డుగోల్డు హారం ఎగిరి గడ్డానికి తగులుతోంది.

"వచ్చావా అమ్మాయ్! ఎట్టా ఉన్నాం?" అంది వెంకటేశ్వరమ్మ, హారం సర్దుకుంటూ.

నేను ఆ మాట వినిపించుకోలేదు. "పెద్దమ్మా, పందిరేదీ?"

కొండమ్మ పెద్దమ్మ తలెత్తలేదు. మెరూన్ రంగు చీరలో, రాశి పక్కన నిటారుగా కూర్చుని, కాయ వెనక కాయ తుంచుతూనే ఉంది. "ఇదేందే మరి? నీ నెత్తిన ఉన్నది పందిరి కాదా?"

"ఇది కాదు, మన పందిరి!"

"తీసేశాం."

"ఎందుకు తీశారు?"

"మా పందిరి మేం తీసుకున్నాం. నీకు చెప్పి తియ్యాలా?"

వెంకటేశ్వరమ్మ మధ్యలో దూరింది. "అది కాదమ్మాయ్, సాయంత్రం విజయవాడలో పెద్దపెద్దోళ్లు సూస్తారంటగా. బాగుండొద్దా మేం? ఈ షామియానా కోసం నిన్న అద్దంకి పోయి నేనూ కొండమ్మక్కా ఎంత బతిమాలామో తెలుసా? పెళ్లిళ్ల రోజులు, ఇవ్వనంటాడు వాడు."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ రెంటి మధ్యలోంచి కోపం తన్నుకొచ్చింది. నా కోపం సంగతి మీకు తెలుసు, ఎనిమిది వారాలుగా చూస్తున్నారు. నోరు ముందు పోతుంది, బుద్ధి వెనకాల ఆయాసపడుతూ వస్తుంది.

"ఎవరడిగారు మిమ్మల్ని ఈ ముస్తాబులు? నాకీ పట్టుచీరలొద్దు, ఈ షామియానా వద్దు. ఇంకా కింద నీడ మొత్తం వెయ్యాలి నేను! రెండింటికి వ్యాను వస్తంది! నేను దొరికింది దొరికినట్టే గీస్తానని ఎన్నిసార్లు చెప్పాను? నాకా పాత పందిరే కావాలి. ఆ చిరుగులే కావాలి!"

పన్నెండు జతల చేతులూ ఆగిపోయాయి. అంతసేపూ పటపటమని వినపడుతున్న తొడిమల చప్పుడు ఒక్కసారిగా లేకుండా పోయింది.

పెద్దమ్మ చేతిలోని కాయల్ని రాశి మీదకు విసిరి లేచింది. "దొరికిందా? మేమేమన్నా రోడ్డు మీద పడి దొరికామా నీకు?"

"నేనలా అనలేదు పెద్దమ్మా."

"అన్నావ్. చిరుగులే కావాలన్నావ్. నీ నోటితోనే అన్నావ్, అందరూ విన్నారు. ఇందులో నీ తప్పు లేదేమోనని రాత్రంతా సర్దిచెప్పుకున్నా. ఏమే ఆరాధనా, ఆ ఫోను ఇట్టా తీసుకురా. చదువు, మీ పిన్ని కూడా వినాలి."

ఆరాధన పెద్దమ్మ మనవరాలు, ఒంగోల్లో డిగ్రీ చదువుతోంది. సెలవని వచ్చి గట్టు మీద కూర్చుని ఉంది. నా వంక చూడకుండా ఫోను తెరిచి, పాఠం అప్పజెప్పినట్టు చదివింది. అది గ్యాలరీవాళ్ల పేజీ. నా పందిరి బొమ్మ ఫొటో. దాని మీద పెద్ద అక్షరాలు: 'పేదరికపు గొడుగు.' కింద చిన్న అక్షరాలు: 'చిరుగుల కింద చితికిన బతుకులు.'

నేను ఫోను లాక్కుని మళ్లీ చదివాను.

"ఆదివారం చర్చి అయ్యాక మెట్ల మీద నిలబడి చదివింది ఈ పిల్ల," అంది పెద్దమ్మ. "మన ఫెబా బొమ్మ పేపర్లో పడ్డట్టుగా ఫోన్లో పడిందని సంబరపడి చదివింది. పాస్టరమ్మ గారు వింది. వచ్చినోళ్లంతా విన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని అయ్యో కొండమ్మా అంది. ముప్పై ఏళ్ల నుంచీ మేస్త్రీగా ఉన్నా నేను. నా ముఠాలో మనిషి ఒకళ్ల ముందు చెయ్యి చాచలా. పన్నెండు మందీ పిల్లల్ని చదివించుకున్నారు. ఎవరిది చితికిందే? చెప్పు. ఈ కూర్చున్నోళ్లలో ఎవరి బతుకు చితికిందో వేలెట్టి చూపించు!"

అప్పుడు అర్థమైంది నాకు, ఈ చీరలూ పౌడర్లూ ఉత్త ముస్తాబు కోసం కావని. ఇదంతా జవాబు. ఆ ఫొటోకు వాళ్లిచ్చుకున్న జవాబు. కారం మంటలో కొత్త చీరలు పాడవుతాయని తెలిసీ కట్టుకుని కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ మాటలు నేను రాయలేదు పెద్దమ్మా. బైబిలు మీద ఒట్టు. శశిభూషణ్ గారని, గ్యాలరీలో బొమ్మలు చూసుకునే ఆయన రాశారు."

"ఆయనకు ఎవరు చెప్పారు మా బతుకుల గురించి?"

దాచినా మీకు తెలిసిపోతుంది కాబట్టి చెప్పేస్తున్నాను. నాలుగు రోజుల కిందట సగం అయిన బొమ్మను ఫొటో తీసి ఆయనకు వాట్సాప్ పెట్టాను. పేరేంటని అడిగాడు. నాకేమీ తోచలేదు. చేతినిండా రంగులున్నాయి, విసుగ్గా ఉంది. 'మీరే పెట్టండి సార్' అని కొట్టాను. మూడు మాటలు. ఆయన పెట్టాడు. ఆ తర్వాత ఆ పేజీ తెరిచి చూసే తీరిక కూడా నాకు లేకపోయింది.

ఆ సంగతే చెప్పాను. పెద్దమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది. "ఏదీ, ఆ బొమ్మ ఇటు తిప్పు."

ఈ పన్నెండు రోజుల్లో వాళ్లెవరూ బొమ్మ చూడలేదు. పూర్తి కాకుండా చూపించడం నాకిష్టం ఉండదు, వాళ్లకు లేచి వచ్చే తీరిక ఉండదు. తిప్పి షామియానా కర్రకు ఆనించాను. అందరూ లేచొచ్చి చుట్టూ మూగారు. కారం చేతులు తగలకుండా అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. గ్యాలరీ కమిటీకి పంపేటప్పుడు కూడా నేనింత భయపడలేదు.

"ఎండ బాగా పడ్డదే," అంది వెంకటేశ్వరమ్మ. "నిజం ఎండలాగే ఉంది."

పెద్దమ్మ మాత్రం మొహం బొమ్మకు జానెడు దూరంలో పెట్టి ఆ మూల నుంచి ఈ మూలకు చూసుకుంటూ వచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ మంచికాయల రాశిలోంచి పనికిరాని తాలుకాయను కళ్లు మూసుకుని ఏరగలదు. అలా ఏరుతున్నట్టే చూసింది. చూసి, ఒక్కటే అడిగింది.

"కుట్లేవీ?"

"ఏంటి?"

"కుట్లే. మేం కుట్టిన కుట్లు. బొక్కలన్నీ వేశావ్, ఒక్కటి కూడా వదల్లా. బొక్కలోంచి వచ్చే ఎండ వేశావ్. ఇన్ని ముక్కలు ఒకదానికొకటి గాల్లో ఎట్టా నిలబడ్డాయే? కుట్టు లేకుండా?"

దేవుడా! నేను బొమ్మ వంక చూశాను. నిజమే. ఒక్క కుట్టు లేదు. ముక్కకూ ముక్కకూ మధ్య రంగు మెత్తగా కలిసిపోయి ఉంది. మొదటి రోజు కుట్లు కనపడ్డాయి నాకు. లావుపాటి దారాలు, అడ్డదిడ్డంగా. అవి గీస్తే వెలుగు తెగిపోతుందని, బొమ్మ గజిబిజి అవుతుందని వదిలేశాను. కదపను, సర్దను అని గొప్పలు పోయే మనిషిని, ఉన్నదాన్ని తీసేసి కూర్చున్నాను. ఆ శశిభూషణ్ గారు పేరు ఎక్కడి నుంచో తేలేదు. నా బొమ్మ చూసే పెట్టాడు.

పెద్దమ్మ వేలు ఒకచోట ఆగింది. బొమ్మ మధ్యలో అన్నింటికన్నా తెల్లగా, కళ్లు చెదిరేలా వెలుగు పోసిన చోటు. కమిటీవాళ్లు మెచ్చుకున్నది దాన్నే.

"ఇది మీ అమ్మ ముక్క."

మా అమ్మ మహిమ ఈ ముఠాలోనే పనిచేసింది. పోయి ఆరేళ్లు.

"ఆకుపచ్చ చీరే, పసుపు చుక్కలది. ఎండ బాగా పడి రంగు పోయింది, గుడ్డ పల్చబడింది. అంతేగాని అక్కడ బొక్క లేదు. నువ్వు ఇంత బొక్క వేశావ్. ఆ ముక్క చుట్టూ రెండు వరసలు కుట్టుంది. ఒక వరస మీ అమ్మది, రెండోది నాది. మీ అమ్మ పోయిన ఏడు కుట్టా, ఊడిపోకూడదని."

నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. సినిమాల్లోలా అందంగా కాదు. ముక్కు కారుతూ, ఎక్కిళ్లతో ఏడ్చాను. పైగా కళ్లు తుడుచుకున్న చేతికి కారం దుమ్ము అంటి ఉంది, దాంతో మంటకు ఇంకా ఏడ్చాను. ఆరాధన పరుగెత్తి నీళ్ల బాటిల్ తెచ్చి మొహాన కొట్టింది.

"టైమెంత?" అన్నాను కళ్లు తెరవకుండానే.

"పదకొండు దాటింది పిన్నీ."

"పందిరి ఎక్కడుంది పెద్దమ్మా? తెప్పించు. రెండు గంటలు చాలు నాకు. కుట్లన్నీ వేస్తాను. ఒక్కటి కూడా వదలను."

పెద్దమ్మ మొహం మొదటిసారి వాడిపోయింది. "తెల్లారగానే తేజ రకం కాయల ట్రాక్టరు మీద కప్పి గుంటూరు పంపించేశామే. ఈపాటికి మిర్చి యార్డులో ఉంటది."

అయిపోయింది అనుకున్నాను. గుంటూరు పోయి రావడానికే సాయంత్రం అవుతుంది. ఫొటోలు ఉన్నాయేమోనని ఫోను తీసి చూశాను. అన్నీ దూరం నుంచి తీసినవి, అన్నిట్లోనూ వెలుగే, దారం ఒక్కటి కనపడి చావదు. ఫోను విసిరికొట్టబోయాను.

అప్పుడు వెంకటేశ్వరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పందిరి లేకపోతే మేం లేమా ఏంది? నా ముక్క పై వరసలో చివరిది. నల్లదారం. గోనెసంచులు కుట్టే సూదితో కుట్టా. ఇంత పొడుగు కుట్టు, ఇంత ఎడం. రాస్కో!"

ఆ మాట పూర్తవకముందే రెండో ఆవిడ అందుకుంది. "నాది దారం కాదు, పురికొస. దాని పక్కదే, నీలంది!" మూడో ఆవిడ నైలాను దారం. నాలుగో ఆవిడ దగ్గర ఆ రోజు దారమే లేదట, చీర అంచు చీల్చి పేని దాంతోనే కుట్టిందట. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. నేను డబ్బా మూత పీకి, సన్న కుంచె తీసి, నల్లరంగు పిండాను. పన్నెండు రోజుల్లో ఎప్పుడూ రాని ఊపు వచ్చింది.

"అంత సన్నంగా కాదే, లావు! నేనేమన్నా రవిక కుడుతున్నానా?"

"అట్టా తిన్నగా ఎందుకు పోతావ్? మధ్యలో ముడి ఉంది. దారం అయిపోయి ముడేశా."

"ఏయ్, నా ముక్క మీదకు ఎక్కింది దాని ముక్క! నాది కిందికి కాదు, పైకి రావాలి."

"నీది కిందే ఉందిలేవే. నువ్వు నాకన్నా ముందు చేరావ్, నాది నీమీద కుట్టా."

ఈ పైకీ కిందికీ పంచాయితీ పావుగంట నడిచింది. చివరికి పెద్దమ్మ తీర్పు చెప్పింది. ముఠా వదిలి వెళ్లినవాళ్ల ముక్కలు తొమ్మిది, మా అమ్మదీ కలిపి. పెళ్లి చేసుకుని వినుకొండ పోయినావిడ కుట్టు ఎలా ఉంటుందో, వేటపాలెం జీడిపప్పు పనికి పోయినావిడ కుట్టు ఎలా ఉంటుందో అన్నీ పెద్దమ్మకు గుర్తే. చేతిరాతలు గుర్తుపట్టినట్టు చెప్పింది. తన కుట్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాస్త ఆగింది. "నాది వంకర. అప్పుడు కొత్త కదా, చేతకాలా. వంకరగానే పెట్టు."

కింద మిగిలిన నీడ కూడా వేసేసి, అమ్మ ముక్క చివరికి ఉంచాను. బొక్కను మూశాను. పసుపు చుక్కలు పెట్టాను, పల్చటి గుడ్డలోంచి ఎండ వచ్చేలా పెట్టాను. చుట్టూ ఒక వరస, దాని పక్కన ఇంకో వరస. కుంచె కింద పెట్టి వెనక్కి వచ్చి చూశాను. వెలుగు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఆ వెలుగుకు పట్టుకోవడానికి గుడ్డ దొరికింది. నా ముప్పై ఏళ్ల జీవితంలో నేను వేసిన మంచి బొమ్మ అదే. నేనే అంటున్నాను, ఎవరూ అనక్కర్లేదు.

"దీనికి పేరు పెట్టు పెద్దమ్మా," అన్నాను.

"పేరెందుకే? ఎవరు కుట్టారో వాళ్ల పేర్లు రాయి."

కాన్వాసు వెనక పెన్సిలుతో ఇరవై ఒక్క పేర్లు రాశాను. రాస్తుండగానే గట్టు అవతల హారన్ మోగింది.

వ్యాను రెండుకు పది నిమిషాల ముందే వచ్చింది. డ్రైవరు పక్కనుంచి శశిభూషణ్ గారు దిగాడు. చూడ్డానికి మంచిమనిషే. తెల్లటి లాల్చీ, భుజాన కెమెరా. దిగీ దిగగానే కారం ఘాటుకు ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని షామియానా వంకా పట్టుచీరల వంకా అయోమయంగా చూశాడు.

"ఫెబా గారూ! ఏదో ఫంక్షన్ మధ్యలో వచ్చినట్టున్నాను. పనిచేస్తుంటే రెండు ఫొటోలు తీసుకుందామనుకున్నానండీ. కూలీలెక్కడ? ఒక్కళ్లూ కనపడరేంటి?"

నేను ఆయన్ని బొమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన మొహం ముందు విప్పారింది. తర్వాత దగ్గరికి వంగాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయ్యయ్యో! ఏం చేశారండీ ఇది? ఈ గీతలేంటి? మధ్యలో వెలుగేదీ?"

"కుట్లండీ అవి. ముందు వదిలేశాను, తప్పు చేశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుంది. పేరు కూడా మార్చాలండీ."

"ఎలా మారుస్తాం? క్యాటలాగు అట్ట మీద మీ బొమ్మే వేశాం. కమిటీ ఆ ఫొటో చూసి ఎంపిక చేసింది. ఫొటోలో ఏది ఉంటే అదే గోడెక్కాలి, రూలు. మీకోసం నేను వాళ్లతో ఎంత కొట్లాడానో మీకు తెలియదు." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. వేలితో ఒక కుట్టును తాకి చూశాడు. వేలికి నల్లరంగు అంటింది. వెంటనే మొహం తేటపడింది. "తడిగానే ఉన్నాయిగా! ఏం పర్లేదు. కింద రంగు ఆరిపోయింది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేస్తే పది నిమిషాల పని. తుడిచేయండి ఫెబా గారూ."

నా డబ్బాలోంచి గుడ్డ తీసి, ఆయనే టర్పెంటైనులో ముంచి, నా చేతికిచ్చాడు.

గుడ్డ చల్లగా ఉంది. నా గోడ, మానేసిన ఉద్యోగం, ఊళ్లోవాళ్ల నవ్వులు అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఆశ లేదని అబద్ధం చెప్పను. చాలా ఆశగా ఉంది. పది నిమిషాల పని. తర్వాత ఎప్పుడైనా మళ్లీ వేసుకోవచ్చు అని కూడా లోపల ఎవరో గొణిగారు. ఎదురుగా అమ్మ ముక్క చుట్టూ రెండు వరసలు తడిగా మెరుస్తున్నాయి.

"తుడవనండీ," అన్నాను. గుడ్డ డబ్బాలో పడేశాను. "ఇలాగైతేనే తీసుకెళ్లండి. లేకపోతే వదిలేయండి."

"ఆలోచించుకోండి. ఆ రెండు బొమ్మలతో గోడ ఇవ్వరు."

"ఆలోచించుకున్నానండీ."

ఆయన నిట్టూర్చాడు. "మీ ఇష్టం. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు." డ్రైవరు వైపు తిరిగి, "బుడే, తలుపులేసెయ్. ఖాళీగానే పోదాం," అన్నాడు.

అప్పుడు వెనకనుంచి పెద్దమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్లు దులుపుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"అబ్బాయ్, ఆ కమిటీవాళ్లు ఎన్నింటికి కూర్చుంటారు?"

"ఆరింటికండీ."

"రూలు పెట్టింది వాళ్లేనా?"

"వాళ్లేనండీ. నాదేం లేదు."

"అయితే వాళ్లతోనే మాట్లాడుకుంటాం. పోదాం పద."

"మీరెవరండీ?" అన్నాడు శశిభూషణ్ గారు, ఆ మెరూన్ చీర వంక మర్యాదగా చూస్తూ.

"ఇందాక ఒక్కళ్లూ కనపడరేంటి అన్నావే, వాళ్లం."

ఆయన రుమాలు కింద పడింది. పెద్దమ్మ అప్పటికే వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఏమే, చూస్తారేంది? ఎక్కండే బండి! కాయల మీద పట్టా కప్పి ఎక్కండి!"

చూడాలి ఆ హడావిడి! చీరలు పైకెత్తి దోపుకుని, చెప్పులు ఎవరివి ఎవరు తొడుక్కున్నారో తెలియకుండా పన్నెండు మందీ వ్యాను వెనక్కి దూసుకుపోయారు. బుడే తలుపులు వెయ్యడం మానేసి, బార్లా తెరిచి, ఎక్కడానికి పీట వేశాడు. "బుడే, ఏంటిది?" అని శశిభూషణ్ గారు అరిస్తే, "మా ఆవిడ కూడా తొడిమలు తీస్తదండీ సార్," అని ఊరుకున్నాడు. నేను చివర ఎక్కి, తడి బొమ్మను ఎవరి పట్టుచీరకూ తగలకుండా రెండు చేతులా ఎత్తిపట్టుకున్నాను. వెంకటేశ్వరమ్మ నా నడుం పట్టుకుంది. విజయవాడ రెండున్నర గంటల దారి. శశిభూషణ్ గారికి ముందు సీట్లో ఎక్కక తప్పలేదు.

బండి ఇంకా కల్లం గట్టు దిగలేదు, ఆయన ఫోను మోగింది. డ్రైవరు వెనక ఉన్న చిన్న కిటికీలోంచి మాకు అన్నీ వినపడుతున్నాయి. "ఎప్పుడు? అదేంటి, ఆరు అన్నారుగా? సరే. సరే." ఫోను పెట్టేసి మెల్లగా మా వైపు తిరిగాడు. ఈసారి ఆయన మొహంలో నాకన్నా ఎక్కువ కంగారు ఉంది.

"ఫెబా గారూ, కమిటీ ఐదింటికే కూర్చుంటోందట. మీ బొమ్మ రాదేమోనని ఆరో గోడ మీద ఆ వెయిటింగాయన బొమ్మలు ఎక్కించేస్తున్నారు."

పెద్దమ్మ కిటికీ దగ్గరకు జరిగి, లోపలికి చెయ్యి పెట్టి బుడే భుజం తట్టింది.

"ఎక్కించినోళ్లే దింపుతారులే. పోనియ్ నాయనా."